విదేశాలకు వెళ్ళి పిల్లలతో వాలంటీరు పని: ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

మా అన్నయ్య కొడుకు బీటెక్ అయిపోయి, ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. జాయినింగ్ డేట్ మాత్రం కంపెనీ చెప్పట్లేదు. "ఎలాగూ ఖాళీయే కదా అత్తా, ఏదైనా దేశం వెళ్ళి పిల్లలకు చదువు చెప్పొస్తా, రెజ్యూమేలోకి కూడా పనికొస్తుంది" అని నాలుగు లింకులు పంపాడు. మొదటిది కాంబోడియాలో ఒక అనాథాశ్రమం, రెండు వారాలు. రెండోది విద్యార్థి సంఘం ద్వారా వియత్నాంలో ఇంగ్లీషు పాఠాలు, ఆరు వారాలు. మూడోది నేపాల్లో ఒక హోమ్‌స్టే, రోజుకు నాలుగైదు గంటలు పనిచేస్తే తిండి, బస ఉచితం. నాలుగోది ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పేజీ. "వీటిలో ఏది బెస్టో చెప్పు. నువ్వు టీచర్‌వి కదా" అన్నాడు.

నేను విదేశాల్లో ఎక్కడా వాలంటీరుగా పనిచేయలేదు. ఎదుటి వైపు నుంచి మాత్రం బాగానే చూశాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా యూరప్ నుంచి ఇద్దరు అమ్మాయిలు మా బడికి మూడు వారాల కోసం వచ్చారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ మా ఎండలు పడలేదు.

ఒకమ్మాయి వచ్చిన గంటలోనే పిల్లల్లో కలిసిపోయింది. గ్రౌండులో ఆటలు, పాటలు, చేతుల మీద బొమ్మలు. ఆరో తరగతి మొత్తం ఆమె వెనకే తిరిగేది. ఆమె వెళ్ళిపోయే రోజు పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. ఆ తర్వాత ఒక వారం నా క్లాసులో ఎవరి చెవికీ నా మాట ఎక్కలేదు. "టీచర్, అక్క మళ్ళీ ఎప్పుడొస్తుంది?" ఇదే ప్రశ్న. రెండో అమ్మాయి మొదటి రెండు రోజులు స్టాఫ్‌రూములోనే కూర్చుంది. "మీ పిల్లలకు ఏ శబ్దాలు పలకడం కష్టంగా ఉంది?" అని నన్ను అడిగింది. తర్వాత మేమిద్దరం కూర్చుని పాత క్యాలెండర్ల అట్టలు కత్తిరించి అక్షరాల కార్డులు తయారుచేశాం. ఒకవైపు అక్షరం, ఇంకోవైపు మా ఊళ్ళో దొరికే వస్తువు బొమ్మ. ఆమె వెళ్ళినప్పుడు ఎవరూ ఏడవలేదు. నిజం చెప్పాలంటే సగం మంది పిల్లలకు ఆమె పేరు కూడా గుర్తులేదు. ఆ కార్డులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. చివర్లు నలిగిపోయాయి కానీ ఏటా జూన్లో బయటికి తీస్తాను.

వాడికి నేను చెప్పిన కొలత ఇదే. నువ్వు వెళ్ళిపోయాక ఆ పిల్లల దగ్గర మిగిలే మనిషి ఒకరుంటారు. అమ్మో, టీచరో, నర్సో. నీ పని ఆ మనిషికి బలమవుతుందా, లేక ఆ మనిషిని పక్కకు నెట్టి నిన్ను ముందు నిలబెడుతుందా? ఈ ప్రశ్న పెట్టి చూస్తే నాలుగు లింకుల్లో ఒకటి అక్కడికక్కడే ఎగిరిపోతుంది.

అనాథాశ్రమంలో రెండు వారాలు: వద్దు

ముందు దీని సంగతే తేల్చేస్తాను, ఎందుకంటే వాడికి బాగా నచ్చింది ఇదే. ఫొటోలు బాగున్నాయి, పని సులువు, డిగ్రీ అడగరు, అనుభవం అడగరు. అడగకపోవడమే అసలు సమస్య అని వాడికి తట్టలేదు.

కాంబోడియా అనగానే ఖ్మేర్ రూజ్ అనే క్రూర పాలకులు, యుద్ధం, అనాథలు అని మనసులో ఒక బొమ్మ పడిపోతుంది. ఖ్మేర్ రూజ్ పాలన 1975 నుంచి 1979 దాకా. అప్పటి అనాథలకు ఇప్పుడు మనవలున్నారు. అయినా 2005 నుంచి 2010 మధ్య ఆ దేశంలో ఆశ్రమాలు 75 శాతం పెరిగాయని యూనిసెఫ్ చెప్పింది. తర్వాత 2015లో లెక్క తీస్తే 406 ఆశ్రమాల్లో 16,579 మంది పిల్లలున్నారు. ఆశ్రమాల్లోని పిల్లల్లో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మరి ఆశ్రమాలెందుకు పెరిగాయి? టూరిస్టులు పెరిగారు కాబట్టి. పిల్లల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళూ, డబ్బిచ్చేవాళ్ళూ ఉన్నప్పుడు పిల్లల్ని సమకూర్చేవాళ్ళు కూడా పుట్టుకొస్తారు. "పట్నంలో చదువు చెప్పిస్తాం, అన్నం పెడతాం" అని పల్లెల్లో పేద తల్లిదండ్రులను ఒప్పించి తీసుకొస్తారు.

నేపాల్ కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఆశ్రమాల్లో అత్యధిక భాగం ఐదు జిల్లాల్లోనే ఉన్నాయి. ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కి, చిత్వన్. మ్యాప్ తీసి చూడండి, అన్నీ టూరిస్టులు తిరిగే చోట్లే. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధం రోజుల్లో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి పిల్లల్ని ఖాట్మండుకు తీసుకొచ్చేశారు. మంచి బడిలో వేస్తామన్న మాట నమ్మి తల్లిదండ్రులు ఎదురు డబ్బిచ్చి మరీ పంపారు. ఆ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులుండగానే కాగితాల మీద అనాథలయ్యారు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో అనాథాశ్రమ టూరిజాన్ని ఆధునిక బానిసత్వంలో భాగంగా చూసి విచారణ జరిపింది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో బాలల హక్కుల మీద చేసిన తీర్మానంలో ఆశ్రమాల్లో వాలంటీరు పని వల్ల జరిగే హానిని ప్రస్తావించింది.

సరే, "నేను వెళ్ళే ఆశ్రమం నిజాయితీగలదే అయితే?" అంటాడు వాడు. అనుకుందాం. అప్పుడు కూడా వద్దంటాను. మన ఇళ్ళల్లో రెండేళ్ళ పిల్లాడు కొత్త మనిషి రాగానే ఏం చేస్తాడు? అమ్మ కొంగు వెనక దాక్కుంటాడు. చాక్లెట్ చూపిస్తే ఒక కన్ను బయటపెడతాడు. అది ఆరోగ్యం. ఆశ్రమంలో పిల్లలు మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే పరిగెత్తుకొచ్చి ఒళ్ళో ఎక్కేస్తారు. మనకు గుండె కరిగిపోతుంది, "ఎంత ప్రేమో!" అనుకుంటాం. ఎవరి ఒళ్ళయినా ఒకటే అయిపోయిన పిల్లలు అలా చేస్తారు. రొమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగం మందిని కుటుంబాల్లో పెట్టారు, మిగతావాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. ఇళ్ళకు చేరిన పిల్లలు, ముఖ్యంగా రెండేళ్ళలోపు చేరినవాళ్ళు, మనిషితో బంధం కట్టుకోవడంలో ఎంతో మెరుగయ్యారు. పిల్లలకు కావలసింది రోజూ కనబడే ఒకే ముఖం. రెండు వారాలకొక కొత్త అన్నయ్య రావడం దానికి సరిగ్గా వ్యతిరేకం.

మనవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. మనమే మన ఊళ్ళో చేస్తున్నాం. వీడి పదో పుట్టినరోజు హైదరాబాద్‌లో ఒక ఆశ్రమంలో చేశాం. వదినకు అలా చేయాలని మొక్కు. బోర్డు మీద అప్పటికే వీడి పేరు రాసి ఉంది. పిల్లలు వరసగా కూర్చుని, ముందు ప్లేట్లు పెట్టుకుని, కేకు కోసేదాకా కదలకుండా ఎదురు చూశారు. పాట అందరూ ఒకే శ్రుతిలో పాడారు. బిర్యానీ వడ్డిస్తుంటే ఒక పిల్లాడు కేకు ముక్క పక్కకు పెట్టాడు. "తినమ్మా" అన్నాను. "ఇవాళ ఇది మూడో కేకు ఆంటీ" అన్నాడు. ఆదివారం మరి. ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో ఇంకా ఉండేవి, మొన్న ఈ మాట వచ్చినప్పుడు తీయించాను. మన దేశంలో బాల న్యాయ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటోలు వేయడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మనలో ఎందరికి తెలుసు?

బడిలో ఆరు వారాలు: పర్వాలేదు, షరతులున్నాయి

ఐసెక్ లాంటి విద్యార్థి సంఘాలు ఇలా ఆరేడు వారాలకు పంపుతుంటాయి. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు చాలామంది ఈ దారిలో వెళ్ళారు. ఆశ్రమం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. బడి అయ్యాక పిల్లలు ఇంటికి వెళ్ళిపోతారు, అమ్మ ఉంటుంది, అన్నం ఉంటుంది. మనం వెళ్ళిపోయినా వాళ్ళ బతుకులో ఒక పీరియడ్ ఖాళీ అవుతుందంతే.

వీడు చూసుకోవలసినవి రెండు. ఒకటి, క్యాలెండరు. వియత్నాంలో కొత్త విద్యా సంవత్సరం సెప్టెంబరు 5న మొదలవుతుంది, దాని ముందు వేసవి సెలవులు. వీడికి జూన్, జులై నెలల్లో ఖాళీ. అప్పుడు మామూలు బడులు మూసి ఉంటే "బడి" అని రాసిన చోట నిజానికి ఏముంటుంది? తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకుని ఇంగ్లీషు చెప్పే ప్రైవేటు సెంటర్ అయి ఉండొచ్చు. మన దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ లాంటిదే. అక్కడ వీడు చేసేది సేవ కాదు, జీతం లేని ఉద్యోగం. వీడు డబ్బు కట్టి మరీ ఆ ఉద్యోగం చేస్తాడు! నేపాల్ వెళ్ళేవాళ్ళయితే దశైన్ చూసుకోండి. మన దసరా సెలవుల్లాగే అక్కడి బడులు కూడా మూస్తారు, ఇంకా ఎక్కువ రోజులే.

రెండోది, క్లాసులో ఎవరుంటారు? "టీచరు సెలవు మీద ఉంది, మీరే చూసుకోండి" అనే బడికి వెళ్ళకూడదు. నలభై మంది పిల్లల్ని ఒక గంట కూర్చోబెట్టడం నాకే ఇప్పటికీ కొన్ని రోజులు చేతకాదు. భాష రాని ఇరవై రెండేళ్ళ కుర్రాడికి చేతనవుతుందా? అక్కడి టీచరు క్లాసులో ఉండాలి, పాఠం ఆమెదై ఉండాలి. ఇంగ్లీషులో మాట్లాడటానికి మనవాడు పిల్లలకు జత అవ్వాలి. ఐదుగురేసి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించడం, టీచరుతో కలిసి వర్క్‌షీట్లు తయారుచేయడం, బడికి కంప్యూటర్లుంటే వాటిని బాగుచేయడం. చివరిది వీడు నిజంగా బాగా చేస్తాడు. మా ఇంట్లో ప్రింటరు పనిచేస్తోందంటే వీడి పుణ్యమే. కానీ ఏ వాలంటీరు పేజీలోనూ ప్రింటరు బాగుచేస్తున్న ఫొటో పెట్టరు కదా, అందుకే ఎవరికీ తట్టదు.

నేర్పే ముందు ఇంకో మాట. వాలంటీరు వచ్చిన ప్రతిసారీ రంగుల పేర్లు, వారాల పేర్లు, ఒకటి రెండు పాటలు. ఆయన వెళ్ళాక ఇంకొకాయన వచ్చి మళ్ళీ రంగుల పేర్లు. "నా కంటే ముందు వచ్చినవాళ్ళు ఏం చెప్పారు, ఎక్కడ ఆపారు?" అని అడిగితే ఒక నోటుపుస్తకం తీసి చూపించగలిగే బడి మంచి బడి.

హోమ్‌స్టే, ఐక్యరాజ్యసమితి

ఈ రెంటికీ ఎక్కువ చెప్పక్కర్లేదు. హోమ్‌స్టేలో పని అంటే తోట, వంటిల్లు, పెయింటింగ్, వచ్చిన అతిథులను చూసుకోవడం. మంచి అనుభవం, ఖర్చు తక్కువ, వెళ్ళిరావచ్చు. ఇంటి పిల్లల్ని చూసుకోవడం కూడా ఆ పనుల్లో కలిపి రాస్తే మాత్రం ఆ ఒక్కటి కాదనండి. ముక్కూ మొహం తెలియని ఇంట్లో, ముక్కూ మొహం తెలియని పిల్లలతో ఒంటరిగా ఉండటం వాళ్ళకూ మంచిది కాదు, మీకూ కాదు. రేపు ఏదైనా మాట వస్తే మీ పక్షాన చెప్పేవాళ్ళు ఉండరు.

వీసా సంగతి ఇక్కడే చెబుతాను. మన పాస్‌పోర్టుతో నేపాల్‌కు వీసా అక్కర్లేదు. కానీ అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలు టూరిస్టు వీసా మీద వెళ్తారు. ఆ వీసా మీద జీతమున్నా లేకపోయినా పని చేయకూడదని నేపాల్ నియమం. చాలా దేశాల్లో ఇదే తీరు. "అందరూ టూరిస్టు వీసా మీదే వస్తారు, ఏం కాదు" అని సంస్థవాళ్ళే చెప్తే, పిల్లల విషయంలో కూడా వాళ్ళు నియమాలను అలాగే చూస్తారని అర్థం చేసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం జర్మనీలోని బాన్ నుంచి నడుస్తుంది. అది నెలల తరబడి, తరచూ ఏడాది పైన సాగే పని. బతకడానికి సరిపడా భత్యం వాళ్ళే ఇస్తారు, మన దగ్గర ఏమీ వసూలు చేయరు. 18 నుంచి 26 ఏళ్ళ వాళ్ళకు యూత్ వాలంటీర్ల విభాగం ఉంది. పోటీ గట్టిగా ఉంటుంది, వాడి రెండు నెలల ఖాళీకి సరిపోదు. బ్రిటన్‌లో 1958లో మొదలైన వాలంటీర్ల సంస్థ వీఎస్‌ఓ కూడా అంతే, చేతిలో వృత్తి, అనుభవం ఉన్నవాళ్ళ కోసం. ఉద్యోగంలో ఏడెనిమిదేళ్ళు గడిపి విసుగొచ్చిన టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు వాటిని సీరియస్‌గా చూడొచ్చు. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు అక్కడి ప్రభుత్వం నడిపే వాలంటీర్ల కార్యక్రమం పీస్ కోర్ ఉంది. అక్కడి పౌరులకు మాత్రమే, 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు శిక్షణే. భాషతో సహా అంతా నేర్పి గానీ పనిలో పెట్టరు. రెండు వారాల ప్యాకేజీ పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

యూఎన్ వాలంటీర్లలోనే ఆన్‌లైన్ విభాగం ఒకటుంది. ఇంట్లో కూర్చుని అనువాదం, వెబ్‌సైటు, డేటా పనులు చేసిపెట్టొచ్చు. వీడికి నిజంగా సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. "అది ట్రిప్ ఎలా అవుతుంది అత్తా?" అన్నాడు. న్యాయమే.

వాడు పంపనివి

సరే, కాంబోడియా చూడాలని ఉంది, పిల్లలకేదైనా చేయాలనీ ఉంది. రెండూ కుదురుతాయి. పోయిన ఏడాది మేము టీచర్లం కొందరం గ్రూపు టూరులో సియెమ్ రీప్ వెళ్ళొచ్చాం, అంగ్‌కోర్ వాట్ చూడ్డానికి. అప్పుడు తెలిసిందేంటంటే, అక్కడి పిల్లలకు టూరిస్టు చేయగల మంచి పనుల్లో చాలా వాటిలో పిల్లలు అసలు కనిపించరు.

అంగ్‌కోర్ ఒక రోజు టికెట్ 37 డాలర్లు. అందులో 2 డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. అంటే గుడి చూస్తేనే కొంత ఇచ్చినట్టు. ఆ ఆసుపత్రులను నడిపినాయన బీట్ రిష్నర్ అనే స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు. 2018లో చనిపోయారు. సియెమ్ రీప్‌లోని జయవర్మన్ ఆసుపత్రిలో శనివారాలు సాయంత్రం ఆయనే చెల్లో వాయించి, వినడానికి వచ్చిన టూరిస్టులను రెండు అడిగేవారట. పెద్దవాళ్ళను డబ్బు, కుర్రవాళ్ళను రక్తం. అక్కడ వైద్యం ఉచితం. వానల్లో డెంగీ ముదిరితే పిల్లలకు రక్తం అవసరం పెరుగుతుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, డెబ్భై కిలోలు. ఒక గంటలో వీడు ఇచ్చి రాగలిగేది, ఆశ్రమంలో పద్నాలుగు రోజులు ఆడినా రాదు. వెళ్ళే ముందు ఆసుపత్రికి రాసి, విదేశీయుల దగ్గర ఎప్పుడు, ఎలా తీసుకుంటారో కనుక్కోవాలి.

సాయంత్రం ఫారే సర్కస్. సరిహద్దు శరణార్థి శిబిరం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు 1994లో బత్తంబాంగ్‌లో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పే బడి పెట్టారు. అది పెరిగి సంగీతం, నాటకం, సర్కస్ నేర్పే సంస్థ అయింది. అక్కడ నేర్చుకున్నవాళ్ళు 2013 నుంచి సియెమ్ రీప్‌లో ప్రదర్శనలిస్తున్నారు. జంతువులు లేవు, మనుషులే. మా గ్రూపులో ఒక లెక్కల మాస్టారు "టికెట్ ఎక్కువ" అని గొణిగి, అయిపోయాక లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టికెట్ డబ్బు బడికి, ఆ కళాకారుల జీతాలకు వెళ్తుంది. ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1994 నుంచి వీధి పిల్లలతో పనిచేస్తోంది. అది వెనకబడిన యువతకు వంట, వడ్డన నేర్పించే రెస్టారెంట్లు నడుపుతుంది. అక్కడ భోంచేయడం కూడా ఇలాంటి పనే. "పిల్లలు టూరిస్టు ఆకర్షణలు కాదు" అని ప్రచారం మొదలుపెట్టింది వీళ్ళే.

చేయకూడనిది కూడా సియెమ్ రీప్‌లోనే చూశాను. సాయంత్రం మార్కెట్ దగ్గర చంకలో పసిబిడ్డతో ఒకావిడ, చేతిలో ఖాళీ పాలసీసా. "డబ్బు వద్దు, పాలపొడి డబ్బా కొనివ్వండి" అంది. డబ్బు అడగలేదు కాబట్టి మోసం కాదనుకున్నాను. తనే ఒక కొట్టు చూపించింది, డబ్బా కొనిచ్చాను. హోటలుకు వచ్చి చెబితే రిసెప్షన్లో కుర్రాడు నవ్వాడు. ఆ డబ్బా పది నిమిషాల్లో మళ్ళీ అదే కొట్టు అల్మారాలో ఉంటుందట, డబ్బు ఇద్దరూ పంచుకుంటారట. బిడ్డ మాత్రం రాత్రి పదింటిదాకా వీధిలోనే. నాలాంటివాళ్ళు కొంటున్నన్నాళ్ళూ ఆ బిడ్డకు నిద్ర ఉండదు. గుళ్ళ దగ్గర పోస్టుకార్డులు అమ్మే పిల్లల విషయంలోనూ ఇంతే. అమ్మకం బాగుంటే బడి మానతారు.

ఇప్పటికే విదేశంలో ఉన్నవాళ్ళు

ఇది చదివేవాళ్ళలో సగం మంది అమెరికాలోనో లండన్లోనో ఉండి ఉంటారు. మీకు ఇంకా మంచి దారి ఉంది, ఎందుకంటే మీరు రెండు వారాల మనుషులు కాదు. అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్ళ జీవిత భాగస్వామికిచ్చే హెచ్4 వీసా మీద ఉండి ఉద్యోగం చేసే వీలు లేని ఆడపిల్లలు ఎంతమందో పబ్లిక్ లైబ్రరీలో కథల గంటకు, పిల్లల స్కూలుకు వాలంటీర్లుగా వెళ్తున్నారు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేయకుండా చూసుకుంటే చాలు. పిల్లలకు తెలుగు నేర్పే, 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వాలంటీరు టీచర్ల మీదే నడుస్తోంది. వారం వారం అదే టీచరు, అదే పిల్లలు, ఏళ్ళ తరబడి. పిల్లలతో పని అంటే అదీ. కొడుకునో కూతురినో చూడ్డానికి బ్రిటన్ వెళ్ళిన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద నమోదైన చారిటీలో 30 రోజుల దాకా వాలంటీరుగా చేయొచ్చు. నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చోవడం కంటే నయం.

ఈమెయిల్‌లో అడగాల్సినవి

ఏది ఎంచుకున్నా డబ్బు కట్టే ముందు సంస్థకు ఒక మెయిల్ పెట్టమన్నాను. నేను క్లాసులో ఎవరి పక్కన ఉంటాను? నా ముందు వచ్చినవాళ్ళు ఏం చేశారు? నేను కట్టే డబ్బులో స్థానికులకు ఎంత పోతుంది? పిల్లలతో ఒంటరిగా ఉండాల్సి వస్తుందా? నా మీద కేసులేమీ లేవని చెప్పే పోలీస్ క్లియరెన్స్ నా నుంచి తీసుకుంటారా?

ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం. మన పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో 500 రూపాయలకు వచ్చే కాగితం అది. దాన్ని నిన్ను అడగని సంస్థ నీ ముందు వచ్చినవాణ్ణి కూడా అడిగి ఉండదు. వాడు ఎవడో ఎవరికి తెలుసు? పిల్లలు సులువుగా చేతికి దొరికే చోట్లను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కూడా ఇవే ఫారాలు నింపుతారు.

డబ్బు సంగతి కూడా ఉంది. ఆశ్రమం ప్యాకేజీ విమానం టికెట్ కాకుండా లక్ష దగ్గర పడింది. ఆ డబ్బుతో అక్కడ ఒక స్థానిక టీచరుకు కొన్ని నెలల జీతం ఇవ్వొచ్చు. వాళ్ళ నాన్న డబ్బు కాబట్టి నేను మరీ గట్టిగా అనలేదు.

వాడు మెయిల్ రెండు చోట్లకు పెట్టాడు. ఆశ్రమం ఏజెన్సీ నుంచి గంటలో జవాబొచ్చింది. ప్రశ్నలకు కాదు, "ఏ తేదీకి వస్తున్నారు, అడ్వాన్సు ఇలా పంపండి" అని. రెండోది వియత్నాం కాదు, నేను వెతికిపెట్టిన ఒక బడి. జవాబుకు ఐదు రోజులు పట్టింది. ఆరు పేజీల ఫారం, ఇద్దరి సిఫారసు లేఖలు, పోలీస్ క్లియరెన్స్, పిల్లల రక్షణ నియమాల మీద సంతకం. కింద ఒక లైను: ఆ నెలల్లో మాకు కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాళ్ళు కావాలి, ఇంగ్లీషుకు మా టీచర్లున్నారు.

"వీళ్ళకు టెన్షన్ ఎక్కువలా ఉంది అత్తా, ఇంత పేపర్‌వర్కా?" అని ఫోన్ చేశాడు. తిట్టబోయి ఆగాను. తర్వాత, రక్తం ఇవ్వాలంటే పచ్చబొట్టు ఉంటే ఇబ్బందా అని అడిగాడు. పచ్చబొట్టు ఎప్పుడు వేయించావురా అన్నాను. మార్చిలో, నాన్నకు చెప్పొద్దన్నాడు. మన దగ్గరైతే ఏడాది ఆగాలి, అక్కడేమంటారో కనుక్కో అన్నాను.

మంగళవారం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ తీసుకున్నాడు.